చప్పుడు లేని ఆటో

సింహాచలం డీజిల్ ఆటో అమ్మేసి బ్యాటరీ ఆటో కొన్నాడు. ఏళ్ల తరబడి ఇంజను అదురుకి నడుము పట్టేసింది, ఇంటికొచ్చాక కూడా చెవులు హోరుమనేవి. కళింగపట్నంలో మొదట నవ్వారు. ఏటిగట్టు ఎక్కదన్నారు, వానొస్తే షాక్ కొడుతుందన్నారు. తర్వాత చేపల గంపల ఆడవాళ్లే, ఇందులో కుదుపు లేదని వెతుక్కుంటూ వచ్చి ఎక్కసాగారు.

ఆ రోజు ముసురు. శ్రీకాకుళంలో జనాన్ని దింపేసి, దీపాలు పెట్టే వేళకి ఖాళీగా తిరుగుముఖం పట్టాడు. ఇంటికెళ్లి ఇంత గంజి తాగి పడుకోవాలి, అంతే. గార దాటాక రోడ్డుకి రెండు పక్కలా సరుగుడు తోటలు. తడి ఇసుక వాసన. చక్రాల కింద నీళ్ల సరసర తప్ప ఏ చప్పుడూ లేదు.

వెనక సీట్లో ఎవరో నిట్టూర్చారు.

అద్దంలో చూశాడు. ఎవరూ లేరు. నిద్ర ముంచుకొస్తోందనుకుని మొహం తుడుచుకున్నాడు. మళ్లీ... గాజుల చప్పుడు. ఎండుచేపల వాసన... మెడ వెనక చల్లటి ఊపిరి. నిండా జనం ఎక్కినట్టు బండి బరువుగా లాగుతోంది. ఛార్జింగు గీతలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

“సింహాచలం... ఆపరా.”

ముసలి గొంతు. కోపం లేదు. అలసట, అంతే.

బ్రేకు తొక్కాడు. వెనక్కి తిరగలేదు. ఎవులమ్మా నువ్వు, అని అతి కష్టం మీద అడిగాడు.

“ఎన్నేళ్ల నుంచి నీ ఎనకే తిరుగుతా దించమంటన్నాను. నీ పాత బండి గోలలో ఇనపడ్నేదు.”

బండి ఒక పక్కకి ఒరిగి, కాస్త పైకి లేచింది... ఎవరో దిగినట్టు. తడి ఇసుకలో అడుగుల చప్పుడు తోటలోకి వెళ్లి ఆగిపోయింది.

ఇల్లు చేరేసరికి భయం కన్నా నీరసమే ఎక్కువైంది. దిగిపోయింది కదా, పీడ వదిలింది అనుకున్నాడు. భార్య కూర్మమ్మకి చెప్పకూడదనుకుని, ఛార్జరు పెట్టడానికి వాకిట్లో వంగాడు.

కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆటో వైపు చూసి చెంగు సర్దుకుంది. దారి ఇస్తున్నట్టు గోడకి ఒదిగి నిలబడింది. ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళుతుంటే చూస్తున్నట్టు ఆమె తల మెల్లగా తిరిగింది... మళ్లీ తిరిగింది... మళ్లీ.

తర్వాత అతని దగ్గరకొచ్చి గుసగుసగా అడిగింది.

“ఇంతమందిని ఇంటికెందుకు తెచ్చావు మావా?”