వినీల పాస్‌బుక్

మొదటి పలకరింపుకే అమ్మాయి చేత చివాట్లు తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. తప్పు నాదే. అది ముందే ఒప్పేసుకుంటే మిగతా కథ చెప్పడం తేలిక.

నా పేరు జయంత్. పటమటలో ఒక బ్యాంకులో క్యాషియర్ని. నెల మొదటి వారంలో మా కౌంటర్ ముందు ఊపిరాడదు. ఆ క్యూలో ప్రతి నెలా ఒకమ్మాయి వచ్చేది. కాటన్ చుడీదార్, భుజాన గుడ్డసంచి, సంచిలోంచి తొంగిచూసే ఏదో ఒక పుస్తకం. విత్‌డ్రాయల్ ఫారం మీద అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. పేరు వినీల. తీసేది ముప్పై మూడు వేలు. ప్రతి నెలా అంతే, రూపాయి అటూ ఇటూ ఉండదు.

నా ముందున్న కంప్యూటర్లో ఖాతా కనిపిస్తుంది కదా. ఒక ప్రైవేటు కాలేజీ నుంచి జీతం యాభై ఏడు వేల ఏడు వందలు పడుతుంది. పడిన రోజే ఈవిడ ముప్పై మూడు వేలు తీసేస్తుంది. ఇంత చిన్న వయసులో అంత ఖర్చేమిటో నాకు అర్థమయ్యేది కాదు. నాలుగో నెల నోరు ఊరుకోలేదు. నోట్లు అందిస్తూ, "ప్రతి నెలా ముప్పై మూడు వేలు. చీటీలా మేడమ్, బంగారమా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు.

"నేను లైబ్రేరియన్నండీ," అంది నెమ్మదిగా. "ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో ఇంకొకరికి చెప్పను. పట్టుకెళ్లినవాళ్లని ఎందుకని కూడా అడగను. మీ కౌంటర్లో ఆ పద్ధతి లేదా?"

వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఆవిడ నోట్లు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. పక్క కౌంటర్ రుచిత ఆ వారమంతా నన్ను "చీటీలా సార్, బంగారమా సార్" అని పిలుస్తూనే ఉంది.

ఆగస్టులో జీతాలు పడిన రోజు మధ్యాహ్నం నుంచే వాన అందుకుంది. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్లు. నాలుగైంది, క్యాష్ మూసేస్తున్నాను. వినీల అప్పుడు పరుగెత్తుకొచ్చింది. జుట్టు చెంపలకి అంటుకుపోయింది, సంచిని మాత్రం చున్నీతో చుట్టి గుండెలకి హత్తుకుంది. తను తడిసినా పుస్తకం తడవకూడదన్నమాట. ఆ సంగతి చూశాక నాకు కోపం తెచ్చుకోవాలన్నా రాలేదు.

రేపు రమ్మన్నాను. ఈ రోజే కావాలంది. ఏటీఎంలో తీసుకోమంటే రోజుకి ఇరవై వేలు మించి రాదంది. గొంతులో మొన్నటి బింకం లేదు. నేను మళ్లీ మిషన్ ఆన్ చేసి డబ్బిచ్చాను.

ఆవిడ వెళ్లాక అద్దాల తలుపులోంచి చూశాను. చూడకూడదు, చూశాను. మెట్ల దగ్గర రెయిన్‌కోటు వేసుకున్న మనిషి ఒకాయన చేతిలో పేర్ల లిస్టుతో నిలబడి ఉన్నాడు. వినీల ఆ నోట్ల కట్టని అలాగే అతని చేతిలో పెట్టింది. అతను లెక్కపెట్టుకుని లిస్టులో టిక్కు కొట్టాడు. పొద్దున నా దగ్గర నలభై వేలు తీసుకున్న, అదే కాలేజీ లెక్చరర్ గారు కూడా గొడుగు కింద నిలబడి అదే పని చేశారు. చీటీ కాదు, బంగారమూ కాదు. కాలేజీ బ్యాంకులో వేసిన జీతంలో సగానికి పైగా వెనక్కి తీసుకుంటోంది.

వినీల వెనక్కి తిరిగింది. నేను చూశానని చూసింది. తల దించుకుని వానలోకి నడిచి వెళ్లిపోయింది. నాకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మరుసటి నెల ఆవిడ కౌంటర్ దగ్గరికి వచ్చేసరికే కట్ట సిద్ధంగా పెట్టాను. మాట లేకుండా ఇచ్చాను.

"ఈ నెల ఏమీ అడగలేదే?" అంది.

"మా కౌంటర్లోనూ ఆ పద్ధతి ఉందండీ. ఆ రోజు నేనే మర్చిపోయాను."

ఆవిడ పెదాల చివర చిన్న నవ్వు మెరిసింది. ఆ నవ్వు కోసం నేను నెలనెలా ఒకటో తారీఖు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టాను. నెలకొక్కసారి జీతం రావడం ఎంత అన్యాయమో అప్పుడే తెలిసింది.

ఇంకో వానలో, బ్యాంకు పక్క టీ కొట్టు రేకుల కింద ఇద్దరం ఇరుక్కున్నప్పుడు తనే చెప్పింది. తనిఖీకి వచ్చే కమిటీలు బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతాయి కాబట్టి జీతం కాగితం మీద పూర్తిగా ఉండాలట. చేతిలో మిగిలేది ఇరవై నాలుగు వేల ఏడు వందలు. నలభై వేల పుస్తకాలకి తనూ, ఒక అటెండరూ. పరీక్షలొస్తే ఇన్విజిలేషన్, అడ్మిషన్లప్పుడు ఫోన్లు, మధ్యలో పాత ప్రశ్నపత్రాల స్కానింగ్. కుదరదంటే ఏమవుతుందని అడిగాను. తన కుర్చీ కోసం ఎం.లిబ్ చదివి నెట్ పరీక్ష పాసైనవాళ్లు ఇంకో పదిమంది బయటే ఉన్నారంది.

"మరి ఇంత కష్టపడి చెయ్యడం ఎందుకండీ?" అన్నాను.

"జీతం సగం ఇచ్చారని పిల్లలకి సగం పుస్తకం ఇవ్వలేను కదా," అంది.

టీ చల్లారిపోయింది, వాన ఆగిపోయింది, ఇద్దరం కదల్లేదు. తర్వాతి ఆరు నెలల్లో ఆ కొట్టువాడు మా ఇద్దరికీ అడక్కుండానే అల్లం టీ పెట్టడం నేర్చుకున్నాడు. నాకు ఇష్టమని నేను చెప్పాను. ఆలోచించుకుంటానంది. ఎన్నాళ్లని అడిగితే, లైబ్రరీలో పుస్తకానికి గడువు పద్నాలుగు రోజులంది. పదమూడో రోజున సరేనంది.

అసలు చిక్కు ఇంట్లో మొదలైంది.

మా నాన్న లేరు. అమ్మ ఛాయాదేవి ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పి మానేసింది. ఆ ఉద్యోగం సంగతి ఎప్పుడూ ఎత్తదు. వినీల పేరు చెప్పగానే ఏం చేస్తుందని అడిగింది. ఇంతలో వినీల వాళ్ల నాన్న బసవపున్నయ్య గారు బయోడేటా పంపించారు. ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ, మాట మంచిది, మనసు మంచిది. కూతురి మీద ప్రేమకొద్దీ జీతం దగ్గర యాభై ఏడు వేల ఏడు వందలని రాసి, పక్కన పే స్లిప్ జిరాక్సు కూడా పెట్టారు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ రాత్రే కానూరులో ఫ్లాట్ సంగతి ఎత్తింది. ఇన్నేళ్లూ అద్దె ఇళ్లలో గడిపాం, రెండు జీతాలైతే లోనుకి ఇబ్బంది ఉండదు, వంటింటికి కిటికీ తూర్పు వైపు ఉండాలి అంటూ మొదలుపెట్టింది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. నిజం నాకు తెలుసు. కానీ ఆ ఖాతా నేను కౌంటర్లో చూసింది, ఆ మాట ఆవిడ నన్ను నమ్మి చెప్పింది. చెప్పాల్సింది నేను కాదు.

వినీలకి ఫోన్ చేస్తే మొదట అడిగిన మాట, "మీ అమ్మగారికి చెప్పేశారా?"

"లేదండీ."

చాలా చిన్న గొంతుతో, రేపు మేం పెళ్లిచూపులకి వచ్చినప్పుడు తనే చెబుతానంది. వాళ్ల నాన్న కాళ్లావేళ్లా పడుతున్నారట, పెళ్లయ్యాక మెల్లగా తెలుస్తుందిలే అని. "చెబితే సంబంధం పోవచ్చు. చెప్పకపోతే మీ అమ్మగారి ఫ్లాట్ నా అబద్ధం మీద నిలబడుతుంది. మీరు పోతారని భయంగా ఉంది జయంత్ గారూ, అయినా చెబుతాను," అంది. నేనెక్కడికీ పోనన్నాను. కానీ అమ్మ మనసు కష్టపెట్టుకుంటే వినీల మా ఇంట్లో అడుగుపెట్టదని నాకు తెలుసు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు ఆటోనగర్ దగ్గర వాళ్ల రెండు గదుల ఇంట్లో అందరం కూర్చున్నాం. కాఫీలయ్యాయి. అమ్మ చాలా ప్రేమగా, "లైబ్రరీ ఉద్యోగానికి జీతం బాగానే ఇస్తున్నారమ్మా," అంది. బసవపున్నయ్య గారు గ్లాసు కింద పెట్టి కూతురి వైపు చూశారు. వద్దమ్మా అన్నట్టుగా ఉంది ఆ చూపు.

వినీల లేచి అమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ కాగితం మీదున్నది నా జీతం కాదండీ. బ్యాంకులో పడుతుంది, అదే రోజు ముప్పై మూడు వేలు తీసి కాలేజీకి ఇచ్చేస్తాను. నాకు మిగిలేది ఇరవై నాలుగు వేల ఏడు వందలు. ఫ్లాట్ చూస్తున్నారని తెలిసింది. నన్ను లెక్కలోకి తీసుకుంటే అంతే తీసుకోండి."

అమ్మ నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసమ్మా. నేను చెప్పకూడని సంగతి అది."

అమ్మ చాలాసేపు చేతిలోని రుమాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. ఫ్లాటూ తూర్పు కిటికీ వినీలా అన్నీ ఆ మడతల్లోనే పోయాయనుకున్నాను.

"నేను రిజిస్టర్లో పదకొండు వేలకి సంతకం పెట్టి, నాలుగు వేలు తెచ్చుకునేదాన్ని," అంది చివరికి. "సిగ్గేసి మా అత్తగారికి పదకొండని చెప్పాను. మిగతా ఏడు వేలూ పుట్టింటికి పంపిస్తున్నానని ఆవిడ పోయేదాకా అనుకుంది. ఒక్క ముద్ద నాతో కలిసి తినలేదు. ఇరవై రెండేళ్లు నేను నోరు తెరవలేకపోయాను. నువ్వు మొదటిరోజే చెప్పావు."

నాకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. నాన్నమ్మ అమ్మతో ఎందుకు ముభావంగా ఉండేదో అప్పుడర్థమైంది. అమ్మ కళ్లలో నీళ్లు. వినీల ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఫ్లాట్ లేకపోతే పీడా పోయింది," అంది అమ్మ ముక్కు తుడుచుకుంటూ. "మా ఇంటికి రా అమ్మా. ఇద్దరం ఒకే కంచంలో తిందాం. ఆ కాలేజీ మాత్రం మానెయ్యి."

బసవపున్నయ్య గారు పంచె చెంగుతో కళ్లొత్తుకుని, ఎవరూ అడక్కపోయినా మళ్లీ కాఫీ తెస్తానని లోపలికి వెళ్లిపోయారు.

పెళ్లికి ముందే వినీల ఆ ఉద్యోగం మానేసింది. పెళ్లయ్యాక చల్లపల్లిలో ఇంకో కాలేజీలో చేరింది. జీతం ముప్పై ఒక్క వేలు, రోజూ బస్సులో రానూపోనూ. కాగితం మీద తక్కువే.

నెల తిరిగి మొదటి జీతం పడిన రోజు, సెలవు పెట్టుకుని క్యూలో నిలబడి నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఇంట్లో పొద్దున్నే నా చేతికి టిఫిన్ బాక్సిచ్చి పంపిన మనిషి, ఇక్కడ టోకెన్ తీసుకుని మరీ వచ్చింది. ఫారం లేదు, పాస్‌బుక్ మాత్రం ముందుకి జరిపింది.

"ఎంత తియ్యమంటారు మేడమ్?" అన్నాను.

"ఏమీ తియ్యద్దు. ప్రింట్ వేసివ్వండి చాలు."

మిషన్‌లో పెట్టాను. ముప్పై ఒక్క వేలు జమ అని ఒక్క వరస పడింది. దాని కింద పేజీ ఖాళీగా ఉంది. వినీల ఆ వరస మీద వేలు పెట్టి చాలాసేపు చూసుకుంది. వెనక క్యూలోవాళ్లు గొణుగుతున్నారు, అయినా నేను తొందరపెట్టలేదు. పక్క కౌంటర్లో రుచిత పని మానేసి మమ్మల్నే చూస్తోంది.

"ఖాతా గురించి ఒక్క మాట అడగచ్చా అండీ?" అన్నాను.

"మీ పద్ధతి ఏమైంది?"

"ఈ ఒక్కసారికి. అమ్మకి ఫోన్ చేసి చెప్పనా?"

వినీల పాస్‌బుక్ మూసి గుడ్డసంచిలో పుస్తకం పక్కన పెట్టుకుంది.

"వద్దు. అత్తయ్య బయట రిక్షాలో కూర్చున్నారు. నా చేత్తో నేనే చూపిస్తాను," అని గబగబా మెట్లు దిగింది.