జాబితాలో వరహాలమ్మ

అది 1980 ఫిబ్రవరి పదహారు... శనివారం... అమావాస్య... సూర్యగ్రహణం!

పట్టపగలే రాజోలు దాపునున్న ఆ లంకను కారుచీకటి కబళిస్తోంది. గుడ్లగూబలు వికృతంగా కూస్తున్నాయి. ఊరంతా తలుపులు బిగించుకుంది. పాడుబడ్డ కొబ్బరి కొట్టంలో మాత్రం కపాలం ముందు కూర్చున్నాడు క్షుద్రోపాసకుడు లోవరాజు! అతని ఒడిలో ఒక చిరిగిన కాగితం ఉంది.

ఆ కాగితం పుష్పలతది. నలభై రెండులో బర్మా నుంచి కాలినడకన పారిపోయి వచ్చిన కాందిశీకుల చరిత్ర రాయడానికి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిందామె. ప్రభుత్వ జాబితా పట్టుకుని నెలరోజులుగా గడపగడపా తిరుగుతోంది. ఇళ్లు చూపించిందీ లోవరాజే. అతని అతివినయం ఆమెకెప్పుడూ నచ్చలేదు. ఇవాళ తన పుస్తకంలో ఒక పుట చింపి ఉండటం చూసిందామె... అది కృపమ్మ అనే ముసలామె ఇంటి వివరాలున్న జాబితా పుట!

కాందిశీకులకు ప్రభుత్వమిచ్చిన భూమిని ఊరి భూస్వామి బుచ్చిరాజు ఆక్రమించుకున్నాడు. సోమవారం విచారణ. సాక్ష్యం చెప్పగలిగేది ముసలి కృపమ్మ ఒక్కతే. జాబితాలో రాసిన ఆమె అసలు పేరు చేజిక్కితే చాలు, ఈలోపే మంత్రంతో ఆమె ప్రాణం తీస్తానని లోవరాజు బుచ్చిరాజుకి మాటిచ్చాడు.

పుష్పలత కృపమ్మ ఇంటికి పరుగున వెళ్లి పుట పోయిన సంగతి చెప్పింది. జాబితాలో ఆ ఇంటికి ఎదురుగా రాసి ఉన్న వరహాలమ్మ అనే పేరు ఎత్తినప్పుడల్లా ముసలామె ముఖం తిప్పుకునేది. ఏం దాస్తున్నారని ఈసారి గట్టిగానే అడిగింది.

"అది నా పేరు కాదండి," అంది కృపమ్మ. "మా అక్కదండి. కొండదారిలో దాహంతో చచ్చిపోయింది. కిరస్తానం పేరైతే పట్టా రాదన్నారండి. అందుకని దాని పేరు రాయించేను."

అవతల కొట్టంలో లోవరాజు కపాలంపై నెత్తురు చిలకరించి ముమ్మారు పిలిచాడు... వరహాలమ్మా... వరహాలమ్మా... వరహాలమ్మా...

కృపమ్మ కళ్లు తేలేసింది. ఆమె నోట ఎవరో పడుచు గొంతు పలికింది.

"ఎవరో నన్ను పిలుస్తున్నారే చెల్లీ... వెళ్లొస్తాను."

ఫెళఫెళమని పిడుగు పడింది! కొట్టం తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. నీళ్లు... నీళ్లు... అంటూ లోవరాజు పెట్టిన ఆర్తనాదం లంకంతా ప్రతిధ్వనించింది.

గ్రహణం విడిచాక జనం తలుపులు పగలగొట్టారు. చుట్టూ గోదావరి పారుతుండగా, నాలుక పిడచకట్టి చచ్చిపడి ఉన్నాడు లోవరాజు! కొట్టం దాటని అతని పాదాలు వందల మైళ్లు నడిచినట్టు ఎముకలదాకా అరిగిపోయాయి.

కృపమ్మ తేరుకుని, కడవలోంచి చెంబుడు నీళ్లు ముంచి, గుమ్మంలో పెట్టి భోరున ఏడ్చింది.

"ముప్పై ఎనిమిదేళ్లకి ఇల్లు చేరిందండి మా అక్క."