చెవి మిషనులో దొరకని లోపం

రిపేరు షాపు పెట్టుకున్నవాడికి పెద్ద ఇబ్బంది కరెంటు పోవడం కాదు. అరకులో అది రోజూ పోతుంది, అలవాటైపోయింది. అసలు ఇబ్బంది మెడ మీద కస్టమరు ఊపిరి. సెల్‌ఫోను విప్పగానే కౌంటరు మీద సగం దాకా వంగిపోతారు. ఒరిజినల్ పార్టు నేను జేబులో వేసుకుని డూప్లికేటు పెడతానని అనుమానం. వాళ్ల తల నీడలో నాకు బోర్డే కనపడదు.

ఈ 2008 వానాకాలంలోనే ఒక శుక్రవారం, సంత రోజు, అలాగే నా వెలుతురుకి అడ్డంగా ఒక జడ వచ్చి పడింది.

"మా నాన్న చెవి మిషను. పార్టులేవీ మార్చకండి," అంది జడ తాలూకు అమ్మాయి.

"పార్టు మార్చకుండా బాగవ్వాలంటే పూజ చేయించాలండి," అన్నాను.

నవ్వలేదు. ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరట, పేరు స్వర్ణ. వెనక స్టూలు మీద కూర్చున్నాయన వాళ్ల నాన్న సోంబరు గారు, కొండ మీద కాఫీ తోట. వైజాగ్ క్యాంపులో ఇచ్చిన మిషను అది. చొక్కా జేబులో చిన్న డబ్బా, అక్కణ్ణించి చెవిలోకి వైరు. వారం నుంచి ఒక్క ముక్కా వినపడటం లేదట.

నేను నా ట్వీజర్ మీటరు తీశాను. చూడ్డానికి కనుబొమ్మలు పీక్కునేదానిలా ఉంటుంది. రెండు మొనల మధ్య ఆవగింజంత పార్టుని పట్టుకుంటే, వెనకున్న బుల్లి స్క్రీను దాని విలువ చూపిస్తుంది. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు తొడిగే వంశం మాది. దీనికీ తొడిగాను. అందువల్ల మూడూ ఎనిమిదీ ఒకేలా కనపడతాయి కానీ మీటరు మాత్రం ఇవాళ కొన్నట్టుంటుంది.

ఒక కెపాసిటరు మీద నాకు అనుమానం వచ్చింది. బోర్డు మీద కొలిస్తే బాగానే ఉంది. ఒక చివర టంకం వదిలించి, లేపి కొలిస్తే చచ్చిపోయి ఉంది. మార్చాను. పాతదాన్ని పొట్లం కట్టి ఆమెకే ఇచ్చాను. సోంబరు గారు చెవిలో పెట్టుకుని, రేకుల మీద వాన చప్పుడు కాసేపు విని, తలూపారు.

స్వర్ణకి మాత్రం అనుమానం తీరలేదు. మొదట బాగున్న పార్టు తర్వాత ఎలా చచ్చిందని అడిగింది.

"బోర్డు మీద ఉండగా కొలిస్తే పక్కవాటి విలువ కూడా కలిసి చూపిస్తుందండి. అసలు సంగతి తెలియాలంటే ఒక కాలు లేపి, విడిగా కొలవాలి."

సోంబరు గారు కూడా శ్రద్ధగా విన్నారు. కొంచెం ఎక్కువ శ్రద్ధగానే విన్నారని ఇప్పుడనిపిస్తోంది.

తర్వాతి శుక్రవారం మళ్లీ వచ్చారు. వినపడటం లేదట. ప్రతి పార్టూ కొలిచాను, అన్నీ బాగున్నాయి. నా చెవిలో పెట్టుకుంటే సంతలో చింతపండు బేరం కూడా వినిపించింది. ఆయన జేబులో పెట్టగానే చెయ్యి అడ్డంగా ఊపారు. కాస్త వేడెక్కితే పని చేస్తుందేమో చూద్దామన్నాను. గంట తర్వాత, లేచి వెళ్లేటప్పుడు, ఇప్పుడు బాగుందన్నారు.

ఆ గంటసేపు స్వర్ణా నేనూ ఏం చేస్తాం, మాట్లాడుకున్నాం.

మూడో శుక్రవారమూ అంతే. ఈసారి నాకు వేరే అనుమానం. డబ్బాని ఆయన జేబులో పెట్టేది స్వర్ణే. స్విచ్చి ఆమే ఆపేస్తోందేమో, నా కోసం. ఈ ఆలోచన వచ్చాక నేను రోజూ షేవింగ్ మొదలుపెట్టాను. ఆయనకి ఎలాగూ వినపడదు కదా అని, మీ నాన్నగారు నన్ను కరెంటు బిల్లుని చూసినట్టు చూస్తున్నారన్నాను. శుక్రవారం తప్ప మిగతా ఆరు రోజులూ స్పేరు పార్టుల్లా ఉన్నాయని కూడా అన్నాను. ఆమె వాన వైపు చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నాలుగో శుక్రవారం ఆమె సూటిగా అడిగేసింది, మన సంగతి మీ ఇంట్లో తెలుసా అని. అమ్మకి చెప్పాననీ, చాలా సంతోషించిందనీ అన్నాను. ఆ వారం విజయనగరంలో ఉన్న మా అమ్మకి నేను చెప్పింది ఇక్కడ చలిగా ఉందని. ఆవిడ మంకీ క్యాపు పంపింది.

అయిదో శుక్రవారం స్వర్ణ కళ్లు మండుతున్నాయి.

"వారమంతా మా నాన్నకి శుభ్రంగా వినపడుతుంది. సంతకి బయల్దేరగానే పోతుంది. మేం రావాలని మీరే ఏదో పెట్టి పంపుతున్నారు కదా?"

"మీరే స్విచ్చి ఆపుతున్నారనుకున్నాను."

"నేనా? నేనెందుకు ఆపుతాను?"

"తెలీదండి. అలా అనుకుంటే బాగుండేది, అందుకని."

ఆమె నవ్వాపుకోడానికి చాలా కష్టపడింది.

అన్ని పార్టులూ మళ్లీ కొలిచాను. అన్నీ మంచివే. స్విచ్చి ఆన్ చేసి నా చేత్తోనే ఆయన జేబులో పెట్టాను. చెయ్యి అడ్డంగా ఊపారు. ఇక మిగిలింది నేను కొలవని పార్టు ఒక్కటే, స్టూలు మీద ఉంది. మీటరు వైపే చూస్తూ, ఆయనకి నా పెదాలు కనపడకుండా, మెల్లగా అన్నాను.

"స్వర్ణగారూ, మీ నాన్నగారి తువ్వాలు మీద జెర్రి పాకుతోంది."

సోంబరు గారు చాలా నిదానంగా తువ్వాలు తీసి, దులిపి, మళ్లీ భుజాన వేసుకున్నారు. తర్వాత మా ఇద్దరి వైపూ చూశారు.

"నాన్నా, ఏటిది?" అంది స్వర్ణ.

"ఈ బాబే గదా సెప్పినాడు, కాలు లేపి ఇడిగా కొలవాలని," అన్నారాయన. "నేనింటన్నానని తెలిత్తే ఏ గుంటడైనా మంచిగానే మాటాడతాడు. అందుకే ఇననట్టు కూకున్నాను. నాలుగు వారాలు."

నేను కరెంటు బిల్లు గురించి క్షమించమన్నాను. దాందేముంది, తన మొహమే అలాంటిదన్నారు.

"గుంటడివి మంచోడివే. ఒక్కటే తేలనేదు. మీ యమ్మ సంతోసించిందన్నావు. పై సుక్రారం పోను కలిపియ్యి. నానే మాటాడతాను."

స్వర్ణ నా కళ్లలోకి చూసింది. "నిజంగా చెప్పారా?"

"చెప్పాను," అన్నాను. ట్వీజర్ మీటరు మనుషులకి పని చెయ్యదు కాబట్టి బతికిపోయాను.

ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను, ఆ అబద్ధంతో సహా. ఫోనులో గరగరమని చప్పుడొచ్చింది. సిగ్నల్ పోయిందనుకుని సంతోషించాను. పోలేదు.

"శుక్రవారం కిరండోల్ పాసింజరు రైల్లో వస్తున్నాను," అంది అమ్మ. "నేనెవరో వాళ్లకి చెప్పకు. మన పాత మిక్సీ తెచ్చుకుని కస్టమరులా కూర్చుంటాను. ఆ పిల్ల ఎలా మాట్లాడుతుందో నేనూ వినాలి."

ఇవాళ బుధవారం. షాపులో ఉన్నది ఒక్కటే స్టూలు. ఇప్పుడే స్కూలుకి పరిగెత్తి స్వర్ణకి నిజం చెబితే, ఒకే అబద్ధం రెండుసార్లు ఆడానని తెలుస్తుంది. చెప్పకపోతే, సోంబరు గారు ఫోన్ కలపమన్నప్పుడు రింగు మిక్సీ పట్టుకున్న కస్టమరు సంచిలోంచి వస్తుంది. చదువుకున్నవాళ్లు, పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు, మీకు దండం పెడతాను. చెప్పనా, మాననా? కాస్త బేగి చెప్పండి, స్కూలు నాలుగింటికి వదిలేస్తారు.