బ్రేకు మీద ముడుపు

కరుప్పాయి శవం రోడ్డు అంచున పడి ఉంది. పక్కనే గడ్డిమోపు. మోపు కట్టు విడలేదు.

గురువారం. ఉదయం 10.32. కోయంబత్తూరు దగ్గర, మేట్టుపాళయం రోడ్డు నుంచి నాయక్కన్‌పుదూరుకు తిరిగే మలుపు.

ఆమెను గుద్దిన బైక్ ఇరవై అడుగుల అవతల పడింది. నూరు సీసీ బండి. పన్నెండేళ్ళ పాతది. నడిపింది నారాయణసామి, ఆ ఊరి రైతు. వయసు అరవై ఒకటి. లైసెన్సు వచ్చి పంతొమ్మిది రోజులు. బైక్ కొని మూడు రోజులు.

కరుప్పాయి ముప్పై ఏళ్ళు అతని చేలోనే కూలి చేసింది.

ఎస్.ఐ. ఆనంది ఆ రోజు పళనిలో బందోబస్తులో ఉంది. శనివారం ఉదయం స్టేషన్‌కు వచ్చేసరికి ఫైలు బల్ల మీద ఉంది. ఒక్క సంతకం మిగిలింది. అది పడితే నారాయణసామి మీద చార్జిషీటు.

వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు మూడు లైన్లు. ముందు బ్రేకు పనిచేస్తోంది. వెనక బ్రేకు పనిచేస్తోంది. రైడర్ వయసు మళ్ళినవాడు, అనుభవం లేదు, కంగారులో ముందు బ్రేకు పట్టలేదు.

"పెట్టేయండి మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ నవనీతకృష్ణన్. "అరవై దాటినాక బైకెందుకు ఆయనకు? మనవణ్ణి ఆడించుకుంటూ కూర్చోక."

ఆనంది ఫోటోలు తిరగేసింది. రోడ్డు మీద టైరు గీత. ఒకటే. పదకొండు మీటర్లు. వెనక టైరుది.

అంత కంగారుపడ్డవాడు వెనక బ్రేకు ఒక్కటి అంత సరిగ్గా ఎలా తొక్కాడు?

ఆమె పెన్ను మూత పెట్టింది.

* * *

11.10. ఆస్పత్రి వార్డు.

నారాయణసామి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుడి భుజం ఎముక విరిగింది. పక్కన స్టూలు మీద గంజి గిన్నె. గంజి మీద మీగడ కట్టింది. రెండు రోజులుగా ఆయన ఏమీ తినలేదని భార్య చెల్లమ్మాళ్ చెప్పింది.

ఆనంది తెలుగులో పలకరించింది. ఆయన తల తిప్పాడు.

"మీరు మనోళ్ళా తల్లీ?"

"మాది కోయంబత్తూరే అయ్యా. ఇంట్లో తెలుగే. చెప్పండి, ఈ వయసులో బైకెందుకు?"

"నలభై ఏండ్లు ఒకరి వెనకాల కూర్చొని పోతిని. అన్న వెనకాల, అల్లుడి వెనకాల, పాలోడి వెనకాల. 'పెద్దాయన్ని ఎక్కించుకోండప్పా' అని రోడ్డులో ఎవరో ఒకరు చెప్పాల. చాలనిపించె. ఆర్టీవో గ్రౌండులో బండితో ఎనిమిది అంకె వేస్తిని. మొదటి తడవ పడితిని. రెండో తడవ పాసు."

"ఈ బండి ఎట్లా ఎంచుకున్నారు?"

"పాత బండ్లు అమ్మే సత్యరాజు మూడు చూపించె. ఒకటి ఎత్తు, కాళ్ళు నేలకు అందలే. ఇంకొకటి బరువు, స్టాండు తీయలేకపోతిని. ఇది పల్లం. రెండు కాళ్ళూ ఆనె."

"బ్రేకు చూశారా?"

"పట్టి చూస్తిని. పట్టె. లోపల నేనేం చూస్తాను? సత్యరాజు మనోడు. మన మాట మాట్లాడతాడు. 'మామా, మా నాయనకు ఇచ్చేమాదిరి ఇస్తా ఉండా' అనె. ఇంక మెకానిక్కును పిలవలేదని ఎవరన్నా అంటారా? పిలిస్తేనే బాగుండదు. వాణ్ణి నమ్మలేదని అవుతుంది."

"గురువారం ముందు బ్రేకు పట్టారా?"

ఆయన తన కుడి అరచేతి వంక చూసుకున్నాడు.

"పట్టితిని. పిడి వట్టిగా చేతిలోకి వచ్చేసె. కానీ ఇన్‌స్పెక్టరు పట్టి చూస్తే పట్టిందంట. నవనీతం చెప్పె. అట్లయితే నేను పట్టలేదు. నా చెయ్యే అబద్ధం చెప్తా ఉంది. కరుప్పాయిని నేనే చంపితిని."

ఆయన మళ్ళీ గోడవైపు తిరిగాడు.

బయట వరండాలో చెల్లమ్మాళ్ ఏడుస్తూ అడిగింది: "ఆ ముడుపు ఇప్పించు తల్లీ, కణ్ణూ. పళని ఆండవరిది, సుబ్రమణ్యసామిది. దాన్ని నడిచిపోయి కొండమీద తీర్చాల."

"ఏ ముడుపు?"

"బండి ఇంటికొచ్చిన సోమవారం సాయంత్రం కట్టితిని. బ్రేకు బాగా పట్టాల, ఈయన బాగా తిరిగి రావాల అని బ్రేకు పిడి దగ్గరే కట్టితిని. పసుపునీళ్ళలో ముంచిన గుడ్డ, లోపల ఒక రూపాయి. పిండకుండా తడితడిగానే కట్టాల. మూడు ముళ్ళు."

"దేనికి చుట్టి కట్టారు?"

"పిడి బిగించిన హ్యాండిల్ కమ్మీనీ, పిడిలోకి పోయే నల్ల వైరునూ కలిపి."

"తర్వాత ఎవరైనా విప్పారా?"

చెల్లమ్మాళ్ చెంపలు వేసుకుంది. "అయ్యో. మొక్కు తీరకముందు విప్పుతారా ఎవరన్నా!"

* * *

1.05. స్టేషన్ వెనక పెరడు.

బైక్ గోడకు ఆనించి ఉంది. హెడ్‌లైట్ పగిలింది. ముడుపు కట్టినచోటే ఉంది. ఆనంది వంగి చూసింది. పెన్నుతో గుడ్డ అంచు ఎత్తి చూసింది. సెల్‌ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసింది. చేత్తో ముట్టుకోలేదు.

నవనీతకృష్ణన్‌ను పిలిచింది.

"బైకును ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

"సత్యరాజ్ లోడ్ ఆటోలో మేడమ్. వాడి షాపు అక్కడికి దగ్గర కదా. ఎప్పుడూ వాడే సాయం చేస్తాడు."

"ఆటోలో ఎక్కించింది ఎప్పుడు?"

"10.55."

"స్టేషన్ రిజిస్టర్‌లో 1.20 ఉంది. దూరం ఎంత?"

"నాలుగు కిలోమీటర్లు."

"మధ్యలో?"

"వాడి షాపులో టీ తాగాం మేడమ్."

"రెండు గంటల ఇరవై ఐదు నిమిషాల టీనా?"

అతను బూట్లవైపు చూశాడు. "పొంగల్ తెప్పించాడు. వడ కూడా. నేను ముందుగదిలో తింటున్నా. ఆటో వెనక షెడ్డులో నిలబెట్టాడు, ఎండ అని."

"కరుప్పాయి మార్చురీకి ఎన్నింటికి చేరింది?"

"12.40."

ఆనంది రెండు సమయాలనూ నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసింది. ఆడమనిషి శవం అంబులెన్సు కోసం రోడ్డు మీద ఎదురుచూస్తుంటే ఈ మనిషి వడ కొరికాడు.

* * *

2.30. సత్యరాజ్ షాపు.

వరసగా ముప్పై బైకులు. అన్నింటి మీదా కొత్త సీటు కవర్లు. టైర్లకు నల్ల రంగు పూశారు. అరిగిన టైరు కూడా మెరుస్తోంది. సత్యరాజ్ నుదుట విభూతి, మధ్యలో గంధం బొట్టు.

"రండక్కా! మీరు మనోళ్ళంట గదా, నవనీతం చెప్పె. టీ తాగండి."

"వద్దు. నారాయణసామికి బండి అమ్మేముందు సర్వీస్ చేశారా?"

"ఫుల్ సర్వీసక్కా."

"ముందు బ్రేకు కేబుల్ మార్చారా?"

"ఎందుకు? ఫస్ట్ క్లాసుగా ఉండె. పాతదే."

"గురువారం బండిని ముట్టుకున్నారా?"

"ఎక్కించినాం, దించినాం. అంతే. మనిషి ప్రాణం తీసుకున్న బండక్కా అది. ముట్టుకుంటే నాకే మంచిది కాదు." అతను చల్లగా నవ్వాడు. "ఆ మామకు నేను చెప్తినే, మామా, ఈ వయసులో వద్దని. వింటేగా."

"మా నాయనకు ఇచ్చేమాదిరి అన్నారట?"

"అది వ్యాపారంలో అందరికీ అనేదేగా అక్కా."

మీ నాన్న ఉన్నాడా అని ఆమె అడిగింది. ఉన్నాడు. బైకు నడుపుతాడా? నడుపుతాడు. ఏ బండి? షోరూంలో కొన్న కొత్త బండి.

షెడ్డు మూలలో తుక్కు డ్రమ్ము ఉంది. ఆనంది ఇద్దరు సాక్షులను పిలిపించింది. డ్రమ్మును నేలమీద బోర్లించింది. చైన్లు, అరిగిన బ్రేకు షూలు, కేబుళ్ళు. ఒక్కొక్కటీ తీసి ఎండలో పెట్టి చూసింది. ఇరవై ఆరో కేబుల్‌ను సంచిలో వేసి సీలు చేసింది.

తర్వాత కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. రెండుసార్లు సబ్బు పెట్టింది. నలుపు పోయింది. గ్రీజు వాసన పోలేదు.

* * *

సాయంత్రం 5.00. స్టేషన్ పెరడు.

సత్యరాజ్ వచ్చాడు. నవనీతకృష్ణన్ గోడవారన నిలబడ్డాడు. వెహికల్ ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. చెల్లమ్మాళ్ మెట్ల మీద కూర్చుంది. ఆమెకు దూరంగా కరుప్పాయి కొడుకు ఇళంగో. గొరిగిన తల. తమిళంలో అరిచాడు.

"ఇంకా ఏం చూడాలి మేడమ్? మా అమ్మ ఆయన పొలంలో ఒళ్ళు అరగదీసుకుంది. ఆయన బండి నేర్చుకోవడానికి మా అమ్మే దొరికిందా?"

"పది నిమిషాలు ఓపిక పట్టు ఇళంగో. నీకోసమే పిలిచాను."

ఆనంది చేతికి గ్లవ్స్ వేసుకుంది.

"అమ్మా చెల్లమ్మాళ్, ఎన్ని ముళ్ళు వేశారు?"

"మూడు."

"ఇక్కడ రెండే ఉన్నాయి."

"పడ్డప్పుడు ఒకటి విడి ఉంటుంది," అన్నాడు సత్యరాజ్.

"ఉండొచ్చు. అందుకే ముళ్ళ సంగతి వదిలేస్తున్నాను." ఆమె ముడుపు విప్పి పక్కన పెట్టింది. "ఇన్‌స్పెక్టర్ సార్, పిడి కమ్మీ చూడండి. ఏం రంగు?"

ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పసుపు మరక."

"తడి పసుపుగుడ్డ పిండకుండా కట్టారు. కమ్మీకి అంటింది. ఆ గుడ్డే ఈ కేబుల్‌ను కూడా కలిపి చుట్టుకుంది. కేబుల్ ఏం రంగు?"

ఆయన రెండుసార్లు తుడిచి చూశాడు. "నలుపు. మరకేం లేదు."

"ఒకే గుడ్డ. ఒకే ముడి. కమ్మీకి అంటిన పసుపు కేబుల్‌కు ఎందుకు అంటలేదు?"

ఇన్‌స్పెక్టర్ కమ్మీనీ కేబుల్‌నూ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకంటే సోమవారం గుడ్డ కట్టినప్పుడు ఈ కేబుల్ ఇక్కడ లేదు. ఇది తర్వాత వచ్చింది. అప్పటికి గుడ్డ ఆరిపోయింది. ఆరిన గుడ్డ మరక వేయదు."

ఆమె సంచి సీలు తెంచింది. కేబుల్ బయటికి తీసింది. పిడి వైపు చివరకు జానెడు దూరంలో, నల్ల తొడుగు మీద, రెండు వేళ్ళ వెడల్పున పసుపు పట్టీ ఉంది.

"ఇది సత్యరాజ్ షాపు తుక్కు డ్రమ్ములో దొరికింది. సాక్షుల ముందు."

చివరన రబ్బరు తొడుగు వెనక్కి లాగింది. లోపలి తీగ తెగి ఉంది.

"సార్, లెన్స్ తీసుకోండి. ఎన్ని పోగులు?"

"పంతొమ్మిది."

"తుప్పు పట్టినవి?"

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "పదహారు. మూడు మాత్రం మెరుస్తున్నాయి."

"పదహారు ఎప్పుడో తెగాయి. నారాయణసామి షాపులో బ్రేకు పట్టి చూసినప్పుడు ఆ మూడు పోగులే పట్టాయి. గురువారం 10.32కు కరుప్పాయి అడ్డం వచ్చింది. ఆయన గట్టిగా పట్టాడు. మూడూ తెగాయి. అందుకే రోడ్డు మీద వెనక టైరు గీత ఒక్కటే."

"నాకేం తెలుసక్కా? లోపల తుప్పు నాకు కనిపిస్తుందా?"

"కనిపించింది. విచ్చుకున్న పోగుల చుట్టూ నల్ల టేపు చుట్టి ఉంది. టేపు కొత్తది. ఎవరు చుట్టారు?"

సత్యరాజ్ పెదవులు తడుపుకున్నాడు.

"ఎవరు చుట్టారు సత్యరాజ్?"

"అమ్మేముందు అందరూ చుట్టేదే. ముసలాయన, మెల్లగా పోతాడు, ఒక ఏడాది వస్తుందనుకుంటిని."

"గురువారం షెడ్డులో దాన్ని తీసి, వేరే బండి నుంచి పాత కేబుల్ వేశావు. కొత్తదైతే ఇన్‌స్పెక్టర్‌కు అనుమానం వస్తుందని. ముడుపు విప్పకుండా కేబుల్ తీయడం కుదరదు. విప్పావు. ముడుపు లోపలి మడతలో గ్రీజు వేలిముద్ర ఉంది. అది నీదో కాదో సోమవారానికి తెలుస్తుంది."

అతను ముడుపు వంక చూశాడు. తర్వాత నేలవంక.

"నాదే."

"ఒక్క సంగతి అర్థం కాలేదు," అంది ఆనంది. "ముడుపును కాలవలో పారేసి ఉంటే ఇదంతా ఎవరికీ తెలిసేది కాదు. పడ్డప్పుడు ఊడిపోయిందనుకునేవాళ్ళం. మళ్ళీ ఎందుకు కట్టావు?"

సత్యరాజ్ తల ఎత్తాడు. మొదటిసారి అతని ముఖంలో నొచ్చుకున్న మనిషి కనిపించాడు.

"పళని ఆండవరి ముడుపక్కా! పారేస్తే పాపం కదా. నేను చెప్పులు విప్పి, చెయ్యి కడుక్కొని కట్టితిని."

చెల్లమ్మాళ్ లేచి వచ్చి అతని ముందు నేలమీద ఉమ్మింది. నవనీతకృష్ణన్ అడ్డుకోబోయి ఆగాడు.

"ఇతన్ని లోపలికి తీసుకెళ్ళు," అంది ఆనంది. "తర్వాత నీ స్టేట్‌మెంటు నువ్వే రాయి నవనీతం. పొంగల్ దగ్గర మొదలుపెట్టు. వడ వదిలేయకు."

ముడుపును కవరులో వేసి నంబరు రాసింది.

"కేసు ముగిసేదాకా ఇవ్వలేనమ్మా."

"వాడి చెయ్యి పడినది నాకొద్దు. కోర్టులోనే ఉండనీ. కొండకు వేరేది కడతాను."

* * *

6.40. వార్డు.

ఆనంది చెప్పిందంతా నారాయణసామి గోడవైపు తిరిగే విన్నాడు. కదలలేదు.

వెనక చెప్పుల చప్పుడైంది. ఇళంగో. గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"అయ్యా," అన్నాడు. "బ్రేకు పట్టారా?"

నారాయణసామి ఇటు తిరిగాడు.

"పట్టితినప్పా."

"రెండూ?"

"రెండూ."

ఇళంగో చాలాసేపు ఆయన కుడిచేతిని చూశాడు. తర్వాత వచ్చి స్టూలు మీది గిన్నె తీసి కింద పెట్టి, అక్కడ కూర్చున్నాడు.

చెల్లమ్మాళ్ పొద్దుటి గంజి బయట పారబోసి, వేడిది పోసుకొచ్చింది. ఈసారి నారాయణసామి ఎడమచెయ్యి చాపాడు.