వియన్నా వేసవి, పెడన రుమాలు

జీవానందానికి దేశద్రోహుల మీద ఎంత కోపమో, మేనత్త దేవమ్మ మీద అంతకు రెండింతలు. దేశద్రోహులు కనీసం నోరు మూసుకుని పని చేసుకుంటారు. దేవమ్మకు ఆ మాత్రం క్రమశిక్షణ కూడా లేదు. "అత్తా, నాది రహస్య ఉద్యోగం, ఎవరికీ చెప్పకు" అని ఎనిమిదేళ్ల క్రితం ఒక శనివారం చెప్పాడు. మర్నాడే ఆవిడ గుడివాడ స్త్రీల ప్రార్థన కూడికలో లేచి నిలబడి, "మావాడి రహస్య ఉద్యోగం కోసం అందరూ ప్రార్థన చెయ్యండమ్మా" అని అడిగింది. అప్పట్నుంచి బజార్లో వంకాయలమ్మే మనిషి కూడా, "ఏం బాబూ, రహస్యం బాగా సాగుతోందా?" అని పలకరిస్తోంది.

ఊళ్లో వాళ్లకు అతను హార్మోనియం రిపేరరు. నందివాడ నుంచి దివిసీమ దాకా ప్రతి చర్చిలోనూ ఒక హార్మోనియం ఉంది, ప్రతి హార్మోనియానికీ ఎలకల బెడద ఉంది. కాబట్టి అతను ఏ ఊళ్లో కనిపించినా ఎవరికీ అనుమానం రాదు. అతని సొంత హార్మోనియం తిత్తిలో మాత్రం ఎలకలకు బదులు ట్రాన్స్‌మిటర్ ఉంది. మూడో మెట్టు నొక్కితే హైదరాబాదు పలుకుతుంది.

1961 డిసెంబరు నాలుగు, సోమవారం ఉదయం. గుడివాడ స్టేషను రిఫ్రెష్‌మెంట్ రూములో మూల బల్ల దగ్గర ధాన్యం బ్రోకరు ఒకాయన ఇడ్లీ తింటున్నాడు. పంచె, కండువా, చెవి మీద పెన్సిలు అన్నీ చక్కగా కుదిరాయి గానీ, పాలిష్ బూట్లు మార్చుకోవడం మరిచిపోయాడు. ఆయనే హైదరాబాదు రహస్య విభాగం చీఫ్ కృష్ణమూర్తి.

"మీ పెట్టెలో గాలి లీకవుతోందా?" అని హార్మోనియంతో వచ్చిన జీవానందాన్ని సంకేతవాక్యం అడిగాడు చీఫ్.

"మూడో మెట్టు దగ్గరండి."

"కూర్చో." చీఫ్ ప్లేటు కింద నుంచి ఒక ఫొటో జరిపాడు. "వియన్నా. జులై నెల. ఈమెను గుర్తుపట్టావా?"

ఫుట్‌పాత్ మీద వేసిన కాఫీ బల్ల. బూడిదరంగు సూటులో ఒక తెల్లవాడు. ఎదురుగా పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, మెడ దాకా కత్తిరించిన జుట్టు. నవ్వుతోంది.

గుర్తుపట్టాడు. పెడన టీచరు సత్యవేదం గారమ్మాయి సరోజ. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మే నెలలో మరో అయిదుగురు విద్యార్థులతో కలిసి, వేసవి కోర్సు చదవడానికి వియన్నా వెళ్లింది. ఓడ ఎక్కే ముందు పెడన చర్చిలో ప్రధానం జరిగింది. ఆమె వేలికి ఉంగరం తొడిగింది జీవానందమే.

"వాడు కెల్లర్," అన్నాడు చీఫ్. "పేరుకు బౌద్ధ స్తూపాల పరిశోధకుడు. ఘంటసాల దిబ్బ మీద గొడుగేసుకుని కూర్చుంటాడు. అసలు పని వేరే. దివిసీమ చివర మన నేవీ వైర్‌లెస్ స్టేషను కడుతోంది కదా, దాని ప్లాను కావాలి. ప్లాను ఫిల్ము మీదికి ఎక్కింది. ఎల్లుండి కాక ఆవలెల్లుండి, గురువారం సాయంత్రం నాలుగింటికి నాగాయలంక రేవులో మోటారు లాంచి. సముద్రంలో ఓడ. ఓడ ఎక్కాడా, ఇక మనం కూర్చుని నీ హార్మోనియం వాయించుకోవడమే."

"ఫిల్ము అందించేది..."

"ఫొటోలో ఉంది."

"ఈ ఫొటో ఎవరిచ్చారండీ?"

"వాళ్లతో వియన్నా వెళ్లిన కుర్రాడు, విల్సన్. ఇప్పుడా స్టేషన్లోనే డ్రాఫ్ట్స్‌మన్. దేశభక్తి గలవాడు, తనంతట తనే వచ్చి ఇచ్చాడు. గురువారం రేవులో రైఫిళ్లతో మన వాళ్లుంటారు. ఆమె గనక లాంచి ఎక్కితే కాల్చమని ఆర్డరు." చీఫ్ గొంతు తగ్గించాడు. "నీకు కష్టమైతే కేసు ఇంకొకరికి ఇస్తాను."

మూడు వారాల క్రితం సరోజ ఉంగరం తిప్పి పంపింది. కొత్త తెల్ల రుమాల్లో చుట్టి, పైన చీటీ పెట్టింది. 'ఇది నాకు కుదరదు. క్షమించు.' ఆ రుమాలూ ఉంగరమూ ఇప్పుడు జీవానందం లాల్చీ జేబులో ఉన్నాయి. డ్యూటీలో సొంత వస్తువులు దగ్గర ఉంచుకోకూడదని రూలు. ఎనిమిదేళ్లలో అతను తప్పిన రూలు అదొక్కటే.

"నేనే చేస్తానండీ," అన్నాడు.

మంగళవారం బందరు వెళ్లాడు. సరోజతో పాటు వియన్నా వెళ్లొచ్చిన రాజకుమారి ఇంట్లో హార్మోనియం విప్పి, మాట కలిపాడు.

"యూరపంటే ఏం చెప్పమంటారండీ," అంది రాజకుమారి. "వెళ్లేముందు పాలరాతి మేడలు ఊహించుకున్నాం. వెళ్లాక మూడు నెలలూ ఉడకబెట్టిన బంగాళాదుంపలు. మా ఇంటావిడ వారానికొక్క స్నానానికే వేణ్ణీళ్లిచ్చేది. లెక్చర్లన్నీ జర్మన్లో. అందరూ నవ్వినప్పుడు మేమూ నవ్వేవాళ్లం. ఒకసారి చూసుకుంటే నవ్వుతున్నది మేం ఆరుగురమే. ఆ విల్సన్ ఒక్కడే తెలివైనవాడు, జాడీడు ఆవకాయ తెచ్చుకున్నాడు. గది తలుపేసుకుని తినేవాడు, ఒక్క బద్ద పెట్టలేదు."

"సరోజ గారో?"

రాజకుమారి నవ్వు ఆగింది. "ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే మా ఇంటావిడ రేడియో ముందు కూర్చుని ఏడుస్తోంది. బెర్లిన్లో అడ్డంగా ముళ్లకంచె వేసేశారంట. ఆవిడ చెల్లెలు అవతల పక్క ఉండిపోయింది. మాకు భాష రాదు, ఏం చెప్పి ఓదార్చాలో తెలీదు. సరోజ మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. క్లాసు కూడా మానేసింది. ఆ మనిషి అలాంటిదండీ. కానీ ప్రతి గురువారం ముస్తాబై ఎక్కడికో వెళ్లేది. ఎక్కడికే అంటే కాఫీకి అనేది. వచ్చాక దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేది. మీ ఫొటో జర్మన్ డిక్షనరీలో దాచుకుందిగా, అది తీసి చూసుకుంటూ ఇంకా ఏడ్చేది."

జీవానందం నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు: ప్రతి గురువారం. కాఫీ. డిక్షనరీ సంగతి రాసుకోలేదు. కేసుకు సంబంధం లేదనుకున్నాడు.

గురువారం ఉదయం ఎనిమిదింటికి పెడనలో సత్యవేదం గారి వాకిట్లోకి నల్లకారు వచ్చింది. లోపల కెల్లర్. సరోజ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, వీధంతా చూస్తుండగా దర్జాగా ఎక్కి కూర్చుంది. ఎదురింటి అద్దకం పాకలోంచి జీవానందం అంతా చూశాడు. ఫొటోలో చూసినప్పుడు లేని నొప్పి ఇప్పుడు తెలిసింది. కారు మలుపు తిరిగింది. రేవులో పట్టుకోవలసిన మనిషి కనక వెంటపడవలసిన పని లేదు. పదింటి బస్సుకు వెళ్తే చాలు.

పాకలో రాగికాగు కింద మంట భగభగమంటోంది. చెమట పట్టిందో, ఇంకేదో గానీ, అతను జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏవయ్యోయ్!" అని కేకేసింది వీరమ్మ. అద్దకం బట్టలు ఉడకేయడంలో నలభై ఏళ్ల అనుభవం ఆవిడది. "ఇంతవాడివయ్యావు, బుద్ధి లేదూ? పటిక పెట్టిన గుడ్డతో మొహం తుడుచుకుంటావా?"

"పటికేంటి పిన్నీ? ఇది మామూలు రుమాలు."

వీరమ్మ రుమాలు లాక్కుని, వేలితో రాసి చూసి, కొస నాలికకు ఆనించింది. "వగరు తెలియట్లా? పటికే. రాత ఉంది దీని మీద. రంగు కాగులో ఉడకేస్తేగా పటిక ఉన్నచోట ఎరుపు పట్టేదీ, కనపడేదీ. నీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు నువ్వూ, సత్యవేదం గారి పిల్లా నా పేలికలన్నీ నాశనం చేశారు కదయ్యా! పటికనీళ్లతో పేర్లు రాయటం, నా కాగులో పడెయ్యటం, ఎర్రగా తేలితే గంతులెయ్యటం."

జీవానందం రుమాలు తీసుకుని తనూ నాలికకు ఆనించాడు. వగరే. అయిదు దేశాల కోడ్‌లు విప్పినవాడు. ఇన్విజిబుల్ ఇంకు మీద ఢిల్లీలో ఆరువారాల ట్రైనింగ్ అయినవాడు.

"ఉడకెయ్యి పిన్నీ. తొందరగా."

"తొందరంటే ఎట్టా? ముందు కాలవలో జాడించాలి. పారే నీళ్లలో."

జాడించింది. కాగులో వేసింది. కర్రతో తిప్పింది. పది గంటల బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది. చాలాసేపటికి కర్ర చివర రుమాలు పైకొచ్చింది. అక్షరాలు పారాణి దిద్దినట్టు ఎర్రగా ఉన్నాయి.

'బావా, అమ్ముడుపోయింది నేను కాదు, విల్సన్. నన్ను కెల్లర్ మనుషుల మధ్య పెట్టింది మన ఎంబసీయే. ఎవరికీ చెప్పొద్దన్నారు, నీకు చెబుతున్నా. నా ఉత్తరాలు విల్సన్ చూస్తున్నాడు, అందుకే ఇలా. డిసెంబరు 7, నాగాయలంక, నాలుగు గంటలు. ఉంగరం తిప్పి పంపడం ఉత్తుత్తి కోపం. నమ్మితే ఏ ఆదివారమైనా పెడన చర్చికి రా. చూస్తుంటాను.'

రుమాలు వచ్చాక మూడు ఆదివారాలు గడిచాయి. మూడు ఆదివారాలూ అతను దేవమ్మ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

హార్మోనియం మూడో మెట్టు నొక్కాడు. హైదరాబాదు పలికి, చీఫ్ నాగాయలంకలో ఉన్నారని చెప్పింది. ఆ సంగతి అతనికీ తెలుసు. పాస్టరు గారి పాత మోటారు సైకిలు అడిగి, హార్మోనియం వీపుకు కట్టుకుని బయల్దేరాడు. చల్లపల్లి దగ్గర టైరు పంక్చరైంది. పులిగడ్డ అక్విడెక్టు దాటేసరికి మూడున్నర.

నాగాయలంక రేవు. నాలుగుకు మూడు నిమిషాలు. లాంచి ఇంజను తిరుగుతోంది. కెల్లర్ టోపీ సర్దుకుంటూ లాంచి అంచున నిలబడ్డాడు. గట్టు మీద విల్సన్ చేతిలో గుడ్డ వాసెన కట్టిన జాడీ. "డాక్టరు గారూ, మా అమ్మ పంపింది, ఆవకాయ!" అని అందరికీ వినపడేలా అంటూ జాడీ అందించాడు. ఎండేసిన వలల వెనక అయిదు రైఫిళ్లు. చీఫ్ చేతిలో గొడుగు. గొడుగు తెరిస్తే కాల్చాలి.

సరోజ గట్టు నుంచి లాంచికి వేసిన పలక మీద కాలు పెట్టింది. గట్టు వైపు ఒక్కసారి తిరిగి చూసింది. అక్కడ తన వాళ్లెవరూ లేరు. రెండో కాలు కూడా పెట్టింది.

చీఫ్ గొడుగు బొత్తాం మీద బొటనవేలు ఆనింది.

"కాల్చకండి! ఆమె మన మనిషి!" మోటారు సైకిలు గట్టు మీద పడింది. జీవానందం రైఫిళ్లకూ లాంచికీ మధ్య పరుగెడుతున్నాడు.

"జాడీ, బావా! ఫిల్ము జాడీలో!" అని అరిచింది సరోజ.

కెల్లర్ పిస్తోలు తీశాడు. జీవానందం వీపు తిప్పాడు. గుండు హార్మోనియానికి తగిలింది. అది పాపం అన్ని స్వరాలూ ఒకేసారి మూలిగి ఊరుకుంది. రెండో గుండు పేలేలోపు సరోజ గట్టు మీదికి దూకి, పలకను లాంచి వైపు కాలితో ఒక్క తన్ను తన్నింది. లాంచి ఊగింది. స్తూపాల పరిశోధకుడు జాడీతో సహా రేవు బురదలో నడుము దాకా దిగబడ్డాడు. జీవానందం వాడి మీద దూకి జాడీ పగలగొట్టి, మోచేతి దాకా ఆవకాయలో చెయ్యి పెట్టాడు. రబ్బరు తొడుగులో ఫిల్ము దొరికింది. నాలుగు గంటలైంది. విల్సన్ చేపల బుట్టల మీదుగా పారిపోబోయి, బుట్టల్లోనే దొరికాడు.

చీఫ్ గొడుగు మూసే ఉంది. ఆయన బొత్తాం మీంచి బొటనవేలు తీసి, దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

కాసేపటికి ఢిల్లీ వాళ్ల జీపు వచ్చింది. అప్పుడు బయటపడింది సంగతి. ఢిల్లీ హైదరాబాదుకు చెప్పలేదు. హైదరాబాదు ఢిల్లీని అడగలేదు. మధ్యలో ఒక పెళ్లి పోయింది.

సరోజ కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద గుంటలు పడ్డాయి.

"ఇవాళ పొద్దున చదివాను సరోజా," అన్నాడు జీవానందం. ఉంగరం పట్టుకున్న చెయ్యి కారంతో మండుతోంది.

"రహస్యంగా పనిచేస్తానని ఢిల్లీ వాళ్లకి నిన్న సంతకం చేసి ఇచ్చేశాను బావా. నాలుగేళ్లు. ఏ ఊరో చెప్పరు. ఈ పేరు కూడా ఉండదట."

"ఒక్కరోజు ఆగితే..."

"మూడు ఆదివారాలు ఆగాను. ముందు బెంచీలో కూర్చుని, తలుపు చప్పుడైనప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను. ప్రసంగం నచ్చలేదేమోనని పాస్టరు గారు బెంగ పెట్టుకున్నారు." నవ్వబోయింది, కుదరలేదు. "వియన్నాలో ఆ మనిషి ఎదురుగా కూర్చుని నవ్వేదాన్ని. బయటికొచ్చి ఏడ్చేదాన్ని. ఒకటే ధైర్యం నాకు. ఊరంతా ఏమనుకున్నా సరే, తెల్లగుడ్డ చూస్తే బావకి తెలుస్తుంది అని."

"అవన్నీ ఇప్పుడు..."

"ఇవాళ్టికి నమ్మావు. కాగితం... గుడ్డ చూశాక నమ్మావు. రుజువు చూపిస్తే పోలీసులూ నమ్ముతారు." అతని చేతిలోని ఉంగరం వైపు చూసింది. తీసుకోలేదు. "చెయ్యి కడుక్కో బావా, మండుతుంది." జీపెక్కింది.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. పక్కన హెడ్ కానిస్టేబులు దైవాధీనం పంచనామా రాస్తున్నాడు. "రాయవయ్యా. 'సాంకేతిక కారణముల వలన సమాచారము అందుటలో జాప్యము జరిగినది.' అంతే. ఎవరి మీదా మాట రాదు."

జీపు కదిలింది.

"సాంకేతిక కారణం కాదండీ," అన్నాడు జీవానందం. ఎనిమిదేళ్లుగా గొంతు పెంచి మాట్లాడని మనిషి, రేవు రేవంతా తిరిగి చూసేటట్టు అరిచాడు. "తప్పు నాది! ఉత్తరం మూడు వారాలు నా జేబులోనే ఉంది. నేను చూడలేదు. ఆమెను నమ్మలేదు. తప్పు నాదే సరోజా!"

జీపు ఆగలేదు. దుమ్ము మెల్లగా సర్దుకుంది.

దైవాధీనం పెన్సిలు నాలికతో తడుపుకుని, మర్యాదగా అడిగాడు. "తప్పు నాదని రెండుసార్లు చెప్పారండీ. ఒకసారి రాస్తే సరిపోతుందాండీ?"

"రెండుసార్లూ రాయండి," అన్నాడు జీవానందం.