ఇంజన్ నేర్పిన అలసట

విశాఖలోని ఆ భవనంలో వయొలిన్ రానివాళ్లు లేరు. ఈతా, కుట్టుపనీ, కూచిపూడీ కూడా దాదాపు అందరికీ వచ్చు. కానీ ఏ గుమ్మం ముందు నిలబడినా ఒక్క తీగ మోగిన చప్పుడు వినిపించేది కాదు.

దీనికి కారణం నైపుణ్యముద్ర. ఒక పనిని ఏళ్ల తరబడి నేర్చుకున్న మనిషి తలకు పల్చటి వలలాంటి టోపీ పెడితే, ఆ పని కోసం మెదడులో ఏర్పడిన న్యూరాన్ల దారులు నకలుగా దిగుతాయి. ఆ నకలును ఇంకొకరి టోపీలోకి పంపితే కాఫీ తాగేంత సేపట్లో వారికీ ఆ పని వచ్చేస్తుంది. నేర్చుకునేటప్పుడు పడ్డ విసుగూ, చేసిన తప్పులూ, అలసటా దానితోపాటు రాకుండా 'వడపోత' అనే దశ ఒకటి ఉండేది. వట్టి నేర్పు మాత్రమే మిగిలేది.

ఆ వడపోతను రూపొందించింది అదే భవనంలో ఉండే డాక్టర్ వకుళ. ఇప్పుడామెకు అరవై దాటాయి. ముద్రలు తయారుచేసే సంస్థకు వెళ్లడం మానేసింది. ఎవరైనా అడిగితే "ఓపిక లేదండీ" అనేది. నిజానికి ఆమె చేసి అలిసిపోయిన పనంటూ ఏమీ లేదు. పొద్దున లేచేసరికే ఒళ్లు బరువుగా ఉండేది. ఏదీ చెయ్యాలనిపించేది కాదు.

ఆ రోజుల్లోనే మూతపడుతున్న ఒక ప్రదర్శనశాలలో పాత మోటారుసైకిల్ కనిపించింది. పెట్రోలు బళ్లు పోయిన చాలాకాలానికి గానీ నైపుణ్యముద్ర రాలేదు. అందువల్ల ఇంజన్ మెకానిక్కుల ముద్ర ఎక్కడా లేదు. ఈ పని రావాలంటే చేత్తో నేర్చుకోవలసిందే. ఎందుకో ఆమెకు ఆ మాటే నచ్చింది. బండిని తెచ్చి భవనం సెల్లారులో పెట్టించుకుంది. పిలిస్తే వచ్చి దింపేసి పోయే వాహనాల కాలం కాబట్టి సెల్లారంతా ఖాళీగానే ఉండేది.

పాత పుస్తకాలను వెతికి చదివి వినిపించడానికి ఇంట్లో ఉండే మాటల యంత్రాన్ని కిందికి తెచ్చుకుంది. దాని పేరు తోడు.

"పిస్టన్ దిగుతూ గాలినీ పెట్రోలునూ పీలుస్తుంది. పైకి వస్తూ నొక్కుతుంది. నిప్పురవ్వ పడగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. మళ్లీ పైకి వస్తూ పొగను బయటికి నెడుతుంది" అని చదివింది తోడు.

వినడానికి తేలిగ్గానే ఉంది. విప్పి చూస్తే నల్లటి జిడ్డు తప్ప ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ఒక్కో నట్టూ విప్పింది, తుడిచింది, బిగించింది. పానా జారి వేళ్ల కణుపులు చీరుకుపోయాయి. ప్రయోగశాలలో తయారుచేయించుకున్న పెట్రోలు పోసి కిక్కు కొడితే ఇంజన్ కార్బొరేటర్‌లోంచి టప్పుమని దగ్గి ఊరుకుంది. కార్బొరేటర్ కడిగింది. ప్లగ్గు మార్చింది. అదే దగ్గు.

"తప్పెక్కడుందో నీకు తెలుసా?"

"తెలుసండీ. చెప్పమంటారా?"

"వద్దు."

కొన్నాళ్లకు తోడే అడిగింది. "మీ మోకాలు వాచిందండీ. ఇప్పుడైనా చెప్పనా?"

"నోరు మూసుకో" అంది వకుళ.

చివరికి ఒక సాయంత్రం ఆమెకే దొరికింది. వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ చక్రానికి గొలుసు ఎక్కించేటప్పుడు ఒక పన్ను పక్కకు పడింది. పిస్టన్ నొక్కే వేళకు వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. గొలుసు సరిచేసి కిక్కు కొట్టింది. ఇంజన్ అందుకుంది. సెల్లారంతా ఆ చప్పుడుతో నిండిపోయింది. వకుళ గోడకు చేరబడి నేలమీద కూలబడింది. నడుము విరిగిపోతోంది. చేతులు వణుకుతున్నాయి. ఎన్నో ఏళ్ల తరవాత ఆమెకు ఆకలేసింది.

ఈ సంగతి తెలిసి సంస్థ డైరెక్టరు తవిటినాయుడు వచ్చాడు. ఒకప్పుడు ఆమె దగ్గర పనిచేసినవాడే.

"మేడమ్, చేత్తో నేర్చుకున్నోళ్లు ఇప్పుడెక్కడున్నారండీ? కొత్త ముద్రకు మనిషి దొరక్క ఛస్తన్నాం. మీరొక్కసారి టోపీ పెట్టుకుంటే చాలు" అని బతిమాలాడు.

"పెట్టుకుంటాను. కానీ వడపోత వెయ్యకూడదు."

"అదేటి మేడమ్? విసుగు, మోకాలి నొప్పులు... అన్నీ ఎక్కేస్తాయి కదా!"

"ఎక్కాలి నాయుడూ. అవన్నీ తీసేసి వయొలిన్ ఇచ్చాం. ఒక్కరైనా వాయిస్తున్నారా? కష్టం లేకుండా వచ్చినదాని మీద ఎవరికీ మమకారం లేదు. ఆ తప్పు నాదే. ఇదొక్కటైనా నన్ను సరిగా చెయ్యనీ."

తవిటినాయుడు ఒప్పుకున్నాడు. ముద్ర విడుదలైంది. దాన్ని వేయించుకున్నవాళ్ల కోసం సంస్థ బీచ్‌రోడ్డులో ఒక హాలు తీసుకుని పాత ఇంజన్లూ, పనిముట్లూ అమర్చింది. ముద్ర కోసం జనం విరగబడ్డారని వార్తలు వచ్చాయి. వకుళకు చాలా ఏళ్ల తరవాత ఆశ పుట్టింది. పానా పట్టడం ఎలాగో చూపిద్దామని, గ్రీజు మరకల చీరలోనే హాలుకు వెళ్లింది.

హాల్లో ఎవరూ లేరు. ఇంజన్ల మీద దుమ్ము పట్టింది. పక్క గదిలో మాత్రం వరసగా కుర్చీలు, కుర్చీల్లో టోపీలు పెట్టుకుని కళ్లు మూసుకున్న జనం. ఒకావిడ నడుము పట్టుకుని హాయిగా మూలుగుతోంది.

తవిటినాయుడు నవ్వుతూ ఎదురొచ్చాడు. "మీరన్నదే నిజం మేడమ్! జనానికి కావలసింది అలసటేనండీ. పనీపాటా లేని ఒళ్లు కదా, ఆ నొప్పి ఎంత బాగుందంటారో! కాకపోతే మొత్తం ఎవరికీ వద్దంట. అందుకని ఆ చివరి సాయంత్రం ఒక్కటే కత్తిరించి ఇస్తన్నాం. రోజూ వచ్చి వేయించుకుంటన్నారు."

"ఇంజనో?"

"ఇంజన్ గొడవ లేకుండా చేశాం."

"నువ్వూ వేయించుకున్నావా?"

"నిన్న కూడా వేయించుకున్నానండీ. పడుకుంటే ఒళ్లు తెలీలేదు."

"ఒక్క నట్టయినా విప్పావా నాయుడూ?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎందుకు మేడమ్? విప్పినట్టే ఉంది కదా!"

వకుళ ఇంటికి వచ్చేసింది. సరాసరి సెల్లారుకు దిగింది. వీళ్లందరి మీది కోపంతో బండి తీసి ఊరంతా తిరగాలనుకుంది. తీరా చూస్తే ఇంజన్ కింద నూనె మడుగు. నూనె కారకుండా ఆపే గాస్కెట్ పోయింది. మళ్లీ హెడ్డు దింపాలి, గొలుసు తియ్యాలి, చక్రం గుర్తులు కలపాలి. మోకాలు అప్పుడే సలపడం మొదలుపెట్టింది.

"లైటు పెంచనా అండీ?" అంది తోడు.

"కాస్సేపు ఆగు."

ఆమె పానా చేతిలోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది. తరవాత దాన్ని సీటు మీద పెట్టి, పైకి వెళ్లి, సంస్థవాళ్లు ఆమె కోసం పంపిన టోపీ తలకు తగిలించుకుని, ఆ చివరి సాయంత్రాన్నే వేయించుకుంది. ఒక్కసారికే కదా అనుకుంది. కాసేపటికి నడుము తియ్యగా లాగింది. చేతులు వణికాయి. బ్రహ్మాండమైన ఆకలి వేసింది. అన్నం తిని ఆదమరిచి నిద్రపోయింది.

మర్నాడు బారెడు పొద్దెక్కాక తోడు పలకరించింది.

"సెల్లారుకు వెళదామా అండీ? గాస్కెట్ పని మొదలుపెట్టాలి."

వకుళ దుప్పటి మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

"ఇవాళ వద్దు. నిన్నంతా చేశాను కదే, ఒళ్లు హూనమైపోయింది."