సూరమ్మ మోకాలి చిప్ప

“చిప్ప జోలికి వెళ్ళొద్దని డాక్టరుగారితో చెప్పేశాను!” అన్నారు ఏసురాజు మాస్టారు గదిలోకి వస్తూనే, మంచి బేరం కుదుర్చుకొచ్చిన మనిషిలా.

రాజమండ్రి ఆసుపత్రిలో మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న సూరమ్మ తలెత్తి భర్తను చూసింది. తెల్లారితే ఆమె కుడి మోకాలికి ఆపరేషన్. అరిగిపోయిన కీలు తీసి కొత్తది వేస్తారని తెలుసు. కానీ చిప్ప సంగతి ఆమెతో ఎవరూ అనలేదు!

“ఏ చిప్పండీ?”

“మోకాలి చిప్పే. లోపలివైపు చెక్కి ప్లాస్టిక్ బిళ్ళ అతికించమంటారా, ఉన్నది ఉన్నట్టు వదిలేయమంటారా అని వరండాలో అడిగారు. కొందరు డాక్టర్లు పెడతారట, కొందరు పెట్టరట. దేవుడిచ్చింది ఆ కాస్తయినా ఉండనివ్వండన్నాను. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాల్సిన దానివి, ప్లాస్టిక్ మీద ఏం మోకరిస్తావు?”

బత్తాయి వలుస్తున్న కూతురు ఆశాజ్యోతి చెయ్యి ఆగిపోయింది. “నాన్నగారూ, మోకాలు అమ్మది కదా! అమ్మని అడగొద్దా?”

“దానికేం తెలుసే?”

దానికేం తెలుసు...! ఆ మాట సూరమ్మ చెవిలో పడి అక్కడ ఆగలేదు. సరాసరి గుండెలోకి దిగింది. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్నదంతా కదిలిపోయింది. చర్చి సంఘంలో ఆమెకు ‘ప్రార్థన సూరమ్మగారు’ అని పేరు. “మా ఇల్లు ఆవిడ మోకాళ్ళ మీదే నిలబడిందండీ” అని సంఘపెద్ద అయిన భర్త పదిమందిలో చెప్పుకుని పొంగిపోయేవారు. చలిలో, గచ్చు మీద, అంతంత సేపు ఆమె ఎందుకు మోకరించేదో ఒక్కరైనా అడిగారా? కళ్ళు మూసుకుని మోకాళ్ళ మీదున్న ఆడదాన్ని కాఫీ పెట్టమనడానికి అత్తగారికి కూడా నోరు వచ్చేది కాదు! ఆ ఇంట్లో ఆమెను ఎవరూ పిలవని చోటు అదొక్కటే. ప్రార్థన అయిపోయాక కూడా ఆ చాటులోనే ఉండిపోయేది... ఊరికే, ఏమీ అడక్కుండా. ఆ కాస్త చాటు కోసం మోకాళ్ళు అరగదీసుకుంటే, దాన్ని కూడా ఈయన తన గొప్ప చేసుకున్నారు! ఇప్పుడు చిప్ప కూడా ఈయనదేనట!

“డాక్టరుగారిని పిలువమ్మా” అంది కూతురితో.

డాక్టరు వచ్చేసరికి మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “ఏం లేదండి, మా ఆవిడ కాస్త కంగారు పడుతోంది...”

“కంగారు కాదండి, కోపం!” అంది సూరమ్మ. “డాక్టరుగారూ, చిప్ప నాది. నాకు చెప్పండి.”

ఆయన మంచం పక్కన నిలబడ్డారు. “బిళ్ళ వేయకపోతే మీ ఎముక గట్టిగా ఉంటుందమ్మా. కానీ కొందరికి మోకాలి ముందు నొప్పి మిగిలిపోతుంది, మళ్ళీ కోయాల్సి రావచ్చు. వేస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. కానీ చిప్ప పలచబడుతుంది. ఎప్పుడైనా విరగొచ్చు, బిళ్ళ వదులవ్వొచ్చు. ఇదే రైటని నేను ఒట్టేసి చెప్పలేను. ఇంతకీ మీకు ఎప్పుడు ఎక్కువ బాధ?”

“మోకరించినప్పుడండి” అన్నారు మాస్టారు.

“నేను అమ్మగారిని అడిగాను మాస్టారూ.”

“మెట్లండి... మెట్లు!” అంది సూరమ్మ. ఆ పైన మాటలు డాక్టరుతో కాదు, భర్తతో. “నిరుడు దీనికి బిడ్డ పుట్టి చనిపోతే కాకినాడ దీని ఇంటికి వెళ్ళామే! మీరు పైకి వెళ్ళి, ప్రార్థన చేసి, దిగొచ్చేశారు. నేను లిఫ్టు లేని ఆ మూడో అంతస్తు ఎక్కలేక కింద ఆటోలో కూర్చున్నాను. పచ్చి బాలింత, బాల్కనీ కమ్మీ పట్టుకుని ‘అమ్మా’ అని ఏడుస్తోంది. నేను తలెత్తి చూస్తున్నాను... వీధిలో పోయేవాళ్ళంతా మమ్మల్ని చూస్తున్నారు! నా బిడ్డ కన్నీళ్ళు తుడవడానికి చెయ్యి అందలేదండీ నాకు! అప్పుడు మీరేమన్నారో గుర్తుందా? ‘ఇంటికెళ్ళి మోకరించు, సూరమ్మా’ అన్నారు!”

ఆశాజ్యోతి బత్తాయి పక్కన పడేసి తల్లి ఒడిలో తల దాచుకుంది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూశారు. “చిప్ప వెనక కూడా బాగా అరిగిందమ్మా. మీకు మెట్లే ముఖ్యమైతే, నేను బిళ్ళ వైపే మొగ్గుతాను. నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వను. మోకరించడం ఎలాగైనా కష్టమే.”

“పెట్టండి.”

“సూరమ్మా! తొందరపడకు...”

“విరిగితే నా చిప్పే కదండీ విరిగేది!”

డాక్టరు తలూపి వెళ్ళిపోయారు. మాస్టారు గుమ్మం వైపు చూస్తూ, “సంఘంలో ఏమని చెప్పను?” అన్నారు నీరసంగా.

“రొట్టె కూర్చునే తీసుకుంటుందని చెప్పండి. ప్రభువు వద్దంటే ఆయనతో నేను మాట్లాడుకుంటాను.”

తెల్లవారాక స్ట్రెచర్ వచ్చింది. మాస్టారు అలవాటుగా లేచి చేతులు జోడించారు. “ప్రార్థన చేసుకుందాం.”

“నేను చెయ్యనండి ఈవేళ. మీరు చెయ్యండి” అంది సూరమ్మ. కళ్ళు కూడా మూసుకోలేదు.

ఆశువుగా అరగంట ప్రార్థించగల మనిషి! “పరలోకమందున్న తండ్రీ... మా సూరమ్మ...” అని ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే తెగిపోయింది. స్ట్రెచర్ పట్టుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆయన కళ్ళు తెరిచారు. అవి తడిసి ఉన్నాయి. స్ట్రెచర్ మీదికి వంగి, ఎవరికీ వినపడకుండా, “ఏమని అడగమంటావు?” అన్నారు.

సూరమ్మకు కోపం ఇంకా చల్లారలేదు, ఈ ఒక్క మాటతో చల్లారేదీ కాదు. అయినా ఆయన కదలకుండా జవాబు కోసం కనిపెట్టుకునే ఉన్నారు.

“మెట్లు అడగండి” అంది.